ఆదివారం కోచిలో ఓడ దిగితే ముందు సంతకే వెళ్లండి

జపాన్‌లో కోచి అనే ఊరు ఉందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఓడ టికెట్‌లో ఆ పేరు చూసి అత్తయ్యగారు "కేరళ కొచ్చికి జపాన్ నుంచి ఓడెందుకమ్మా" అని అడిగారు. అది వేరు, ఇది వేరు. ఈ కోచి షికోకు దీవికి దక్షిణపు అంచున, పసిఫిక్ ఒడ్డున ఉంటుంది, మూడు లక్షల పైచిలుకు జనం ఉండే ఊరు. టోక్యో, క్యోటో వెళ్లేవాళ్లు ఇటువైపు రారు. మాకైతే తొమ్మిది రాత్రుల ప్రయాణం మొత్తంలో బాగా గుర్తుండిపోయిన రోజు ఇక్కడ గడిపిన ఆ ఎనిమిది గంటలే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

2024 మార్చి చివర్లో మావారు, అత్తయ్యగారు, నేను యొకొహామాలో ఓడ ఎక్కాం. కోచి, కగోషిమా, నాగసాకి చూసి, కొరియాలోని బూసాన్‌ను తాకి, మళ్లీ యొకొహామాకి రావడం. బూసాన్‌లో దిగితే జపాన్ దాటినట్టే లెక్క. అందుకని ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చే వీసా సరిపోదు, మళ్లీ లోపలికి రావడానికీ వీలుండే వీసా కావాలి. మేం దరఖాస్తుతో పాటు ఓడ రూట్ కాగితం జత చేసి ముందే ఆ సంగతి రాశాం. ఈ ఒక్క విషయం చూసుకోకుండా టికెట్ కొనకండి.

ఓడలో గది గురించి రెండు ముక్కలు. కిటికీ లేని లోపలి గది తీసుకున్నాం, ముగ్గురికి ఒకటే, మూడో మంచం పై నుంచి దించుతారు. నిద్రకి బాగానే ఉంది, చీకటిగా, చప్పుడు లేకుండా. కానీ పొద్దున లేచాక బయట తెల్లవారిందో లేదో తెలియదు, అత్తయ్యగారికి అది అస్సలు నచ్చలేదు, తెల్లవారుజామున నాలుగింటికే లేచి డెక్ మీదకి వెళ్లి కూర్చునేవారు. పెద్దవాళ్లతో వెళ్తే కనీసం కిటికీ ఉన్న గది తీసుకోండి, తేడా డబ్బు పెట్టొచ్చు. ఎక్కే ముందు రోజు యొకొహామాలో రైల్వే స్టేషన్ దగ్గర మామూలు బిజినెస్ హోటల్‌లో పడుకున్నాం. ఇద్దరికే ఇరుకయ్యే గది, రెండు పెట్టెలు ఒకేసారి తెరిచే చోటు లేదు, అయినా శుభ్రం చూస్తే వంక పెట్టడానికి లేదు.

కోచికి ముందు రోజు రాత్రి ఓడలోని టూర్ల కౌంటర్‌లో అడిగితే, ఊళ్లో చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు, బస్సు టూర్ తీసుకోండి అన్నారు. కోట, కత్సురహామా బీచ్, భోజనం కలిపి వాళ్లు చెప్పిన ధరకి ముగ్గురికీ కలిపి కోచిలో మేం పెట్టిన ఖర్చుకి ఐదారు రెట్లు అయ్యేది. మావారు ఊగిసలాడారు, అమ్మ మోకాళ్లతో సొంతంగా ఎలా తిరుగుతాం అని. అప్పుడు నేను ఒకటే అన్నాను, రేపు ఆదివారం, ఆ ఊళ్లో ఆదివారం సంత ఉంటుంది, 1690 నుంచి జరుగుతున్న సంతట, అది చూడకుండా బస్సులో కూర్చుంటే నాకు మనసొప్పదు. అంతే, టూర్ మానేశాం. ఈ నిర్ణయం గురించి ఇప్పటికీ సంతోషంగా ఉంది.

పొద్దున ఎనిమిదికి ఓడ ఆగింది. కోచి కొత్త రేవు సరుకుల ఓడలు ఆగే చోటు, చుట్టూ ఊరు కనబడదు, నడిచి బయటికి వెళ్లే వీలు లేదు, షటిల్ బస్సే గతి. అరగంట లోపే ఊరి నడిబొడ్డుకి తెచ్చి వదిలింది. దారి పొడవునా స్తంభాల మీద ఆ చోటు సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో రాసిన బోర్డులు, మధ్య మధ్యలో ఇనప మెట్లతో ఎత్తైన టవర్లు. అత్తయ్యగారు అవేంటని అడిగితే సునామీ వస్తే జనం ఎక్కే టవర్లని చెప్పాను. ఈ తీరానికి ఎదురుగా సముద్రం అడుగున, పెద్ద భూకంపాలు పుట్టే నన్కాయ్ అగాధం ఉంది, 1946 డిసెంబర్‌లో వచ్చిన భూకంపానికి కోచిలో కొంత నేల కుంగి నీళ్లు లోపలికి వచ్చేశాయి, మళ్లీ వస్తుందనే లెక్కతోనే ఊరంతా బతుకుతోంది. అత్తయ్యగారు కాసేపు మాట్లాడలేదు. ఆవిడది కోనసీమ, 1996 నవంబర్ తుపానప్పుడు పుట్టింటి వాళ్లు రాత్రంతా బడి మేడ మీద గడిపారు. "ఇలాంటివి మనకీ ఊరూరా ఉండాలమ్మా, తుపాను షెల్టర్లు కట్టారు గానీ చాలవు" అన్నారు. కోచిలో నాకు అన్నిటికన్నా ముందు గుర్తొచ్చేది ఆ మాటే.

బస్సు దిగిన చోట బడి పిల్లలు, పెద్దవాళ్లు కలిసి చిన్న బల్ల వేసుకుని మ్యాప్‌లు ఇస్తున్నారు. ఇంగ్లీషు కొద్దిగానే వచ్చు, కానీ మ్యాప్ మీద వేలు పెట్టి, ట్రామ్ ఎక్కడ ఎక్కాలి, మరుగుదొడ్డి ఎక్కడుంది, తిరుగు బస్సు ఆఖరిది ఎన్నింటికి, అన్నీ రాసి చూపించారు. ఒక పాప అత్తయ్యగారి చీర అంచు చూసి ముట్టుకోవచ్చా అని సైగ చేసి అడిగింది. ఓడలో డబ్బు పుచ్చుకుని చేసిన సేవల కన్నా ఈ ఉచిత బల్ల దగ్గర దొరికిన సాయమే ఆ రోజు మాకు పనికొచ్చింది.

దిగిన చోటికి దగ్గర్లోనే హరిమయా వంతెన. చిన్న ఎర్ర వంతెన, చిటికెలో దాటేస్తాం. ఒక బౌద్ధ సన్యాసి తను ప్రేమించిన అమ్మాయికి ఇక్కడ జడలో పెట్టుకునే పిన్ను కొన్నాడని ఓ పాత కథ. కథ బాగుంది, వంతెన కోసం మాత్రం ప్రత్యేకంగా సమయం పెట్టక్కర్లేదు, ఎలాగూ దాని పక్క నుంచే వెళ్తారు.

ట్రామ్ గురించి చెప్పాలి. 1904 నుంచి నడుస్తున్న ట్రామ్ ఇది, పాత డబ్బాలు, కొత్త డబ్బాలు కలిపి తిరుగుతాయి. వెనక తలుపులోంచి ఎక్కి, దిగేటప్పుడు డ్రైవర్ పక్కన ఉన్న డబ్బాలో చిల్లర వేయాలి. ఊరి లోపల ఎక్కడికైనా ఒకటే ఛార్జీ, మేం వెళ్లినప్పుడు 200 యెన్‌లు, అంటే మన లెక్కలో నూటపది రూపాయలు. నోటు ఉంటే కంగారు పడక్కర్లేదు, ఆ డబ్బా పక్కనే చిల్లర మిషన్ ఉంటుంది, కానీ పెద్ద నోట్లు తీసుకోదు, వెయ్యి యెన్‌ల నోట్లు దగ్గర పెట్టుకోండి. కొన్ని ట్రామ్‌ల నుదుటి మీద గోమెన్ అని రాసి ఉంటుంది. అది తూర్పున ట్రామ్ ఆగే ఆఖరి ఊరి పేరు, జపనీస్‌లో 'క్షమించండి' అనే మాటా అలాగే పలుకుతుంది. అందరూ ఫోటో తీసుకుంటారు, మేమూ తీసుకున్నాం.

ఇక సంత. కోట ద్వారం నుంచి మొదలై సుమారు కిలోమీటరు పొడవున రోడ్డుకి ఒక పక్క వాహనాలు ఆపేసి మూడు వందల వరకు దుకాణాలు వేస్తారు. దుకాణం అంటే మన సంతల్లోలాగే నాలుగు కర్రలు, పైన గుడ్డ పందిరి, కింద బల్ల. అమ్మేవాళ్లలో ఎక్కువ మంది డెబ్బై దాటిన అవ్వలు, తాతలే. పొలం నుంచి తెచ్చినవి పొలం నుంచి తెచ్చినట్టే ఉన్నాయి, మట్టితో ఉన్న అల్లం, కట్టలు కట్టిన ముల్లంగి ఆకు, వెదురు చిగుళ్లు, ఎండబెట్టిన పుట్టగొడుగులు. అల్లం పండించడంలో జపాన్ మొత్తంలో కోచి ప్రాంతమే మొదటిది, వంకాయలోనూ అంతే, అది తెలిశాక అత్తయ్యగారికి ఈ ఊరి మీద ఎంత గౌరవం పెరిగిందో చెప్పలేను. వంకాయలు మన గుత్తి వంకాయల్లా కాదు, పొడుగ్గా, నల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. ఒక అవ్వ చేతిలోంచి తీసుకుని వేలితో తొడిమ దగ్గర నొక్కి చూశారు అత్తయ్యగారు, అవ్వ నవ్వింది, లేతదే అని తల ఊపింది, ఇద్దరికీ ఒక్క మాట కూడా కలవదు, ఐదు నిమిషాలు అక్కడే ఉన్నారు. కొనలేం కదా, ఓడలోకి పచ్చి కూరలు తేనివ్వరు, ఆ బాధ మాత్రం మిగిలింది.

మొక్కల దుకాణాల దగ్గర మావారు ఆగిపోయారు. మాది రాజమండ్రి, కడియం నర్సరీల మధ్య పెరిగిన మనిషి, చిన్న కుండీల్లో కమీలియా, బోన్సాయ్ మేపుల్, నిమ్మజాతి అంట్లు చూసి ఒక్కో దాని అంటు ఎక్కడ కట్టారో వంగి చూస్తూ నిలబడ్డారు. నిమ్మజాతి అనగానే గుర్తొచ్చింది, మార్చిలో వెళ్తే బున్‌తాన్ తప్పకుండా కొనండి. మన పంపర పనస లాంటిదే, పసుపు రంగు తొక్క, లోపల తొనలు గట్టిగా, పులుపు తక్కువ. అవ్వ ఒకటి వలిచి తొన చేతిలో పెట్టింది, ఆ పూట అత్తయ్యగారి భోజనంలో సగం అదే. అక్కడే కూర్చుని తినేయాలి, తొక్కలు పడేయడానికి దారిలో చెత్తబుట్టలు కనబడవు, ఒక ప్లాస్టిక్ సంచి వెంట ఉంచుకోవాలి.

శాకాహారులకి తిండి సంగతి దాచకుండా చెప్తాను, కష్టం. మావయ్యగారు పోయాక అత్తయ్యగారు నీచు మానేశారు, గుడ్డు కూడా తినరు. సంతలో చిలగడదుంప బజ్జీల దుకాణం ముందు పొడవైన వరుస ఉంటుంది, పిండి మందంగా, కొంచెం తియ్యగా, లోపల దుంప మెత్తగా, వేడివేడిగా ఉంటే మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది, కానీ ఇలాంటి పిండిలో గుడ్డు కలపడం మామూలు కాబట్టి ఆవిడకి ఇవ్వలేదు. పల్లెటూరి సుషి అని ఒకటి అమ్ముతారు, చేపకి బదులు వెదురు చిగురు, పుట్టగొడుగు, మ్యోగా అనే ఎర్రటి అల్లంజాతి మొగ్గ, వీటిని అన్నం మీద పెట్టి యూజు అనే నిమ్మజాతి కాయ పులుపుతో చేస్తారు. చూడ్డానికి పూర్తి శాకాహారం, కళ్లకి పండగ. అయితే ఆ కూరలు ఉడికించే నీళ్లలో చేప రసం ఉంటుంది, అన్నంలోనూ చేప కలిపే అలవాటుంది. జపాన్‌లో ఇదే అసలు చిక్కు, చేప ముక్క కనబడదు, రసం అంతటా ఉంటుంది. చివరికి కన్వీనియన్స్ స్టోర్‌లో ఉప్పు మాత్రమే వేసిన అన్నం ముద్ద, అరటిపండు, ఇంటి నుంచి తెచ్చిన ప్యాకెట్ చేగోడీలు, ఇవీ ఆవిడ భోజనం. మన ఓడలో కాస్త పప్పు, అన్నం దొరుకుతాయి కాబట్టి పొద్దున గట్టిగా తిని దిగితే టెన్షన్ ఉండదు.

చేప తినేవాళ్లకి మాత్రం ఈ ఊరు వేరే లోకం. సంతకి కూతవేటు దూరంలో హిరోమే మార్కెట్ ఉంది, 1998లో కట్టిన పెద్ద షెడ్డు, లోపల చిన్న చిన్న హోటళ్లు, మధ్యలో అందరూ కలిసి కూర్చునే పొడవాటి బల్లలు. ఇక్కడి కత్సువో చేపని గడ్డి మంట మీద కాలుస్తారు. అద్దం వెనక ఒకాయన ఎండుగడ్డి గుప్పిళ్లతో వేస్తుంటే మంట తలెత్తుకు లేచింది, పైపైన మాత్రమే కాలి లోపల పచ్చిగా ఉన్న చేపని వేలు మందాన ముక్కలు కోసి, ఉప్పు, పచ్చి వెల్లుల్లి రేకులతో ఇస్తారు. ఆ గడ్డి పొగ వాసన తగలగానే నాకు మా ఊళ్లో కుప్ప నూర్పిళ్ల రోజులు గుర్తొచ్చాయి. మేం గోదావరి వాళ్లం, చేపంటే పులుసు లేదా వేపుడు, పచ్చిగా తినడమంటే మావారు ముందు వెనకాడారు, మొదటి ముక్క తిన్నాక ఇంకో ప్లేటు తెచ్చుకున్నారు. నేను రెండు ముక్కలతో ఆగాను, పొగ రుచి బాగుంది, లోపలి మెత్తదనం నాకు పడలేదు. ఆదివారం పదకొండు దాటితే కూర్చోవడానికి చోటు దొరకదు. మేం పదిన్నరకి వెళ్లినా ఒక బల్ల చివర్న జరిగి చోటిచ్చిన స్థానికుల పుణ్యమే, వాళ్లు అప్పటికే బీరు గ్లాసులతో ఉన్నారు, ఎక్కడి నుంచి అని అడిగి, ఇండియా అనగానే గ్లాసు ఎత్తి పలకరించారు.

అక్కడి నుంచి కోట ఎదురుగానే. ద్వారం ముందు నిలబడితే ద్వారం, పైన కోట బురుజు రెండూ ఒకే ఫోటోలో వస్తాయి, చెర్రీ పూలు కూడా విచ్చుకుని ఉన్నాయి. ఇది కాంక్రీటుతో మళ్లీ కట్టిన కోట కాదు. 1601లో యమనొఉచి కజుతొయొ కట్టడం మొదలుపెట్టాడు, 1727లో ఊరు తగలబడినప్పుడు కాలిపోతే అదే శతాబ్దంలో తిరిగి కట్టారు, ఆ చెక్క కోటే ఇప్పటికీ నిలిచి ఉంది. జపాన్‌లో అసలు బురుజులు మిగిలినవి 12 మాత్రమే, అందులోనూ బురుజుతో పాటు పక్కనున్న భవనాలన్నీ మిగిలినది ఇదొక్కటే. మేం వెళ్లినప్పుడు టికెట్ 420 యెన్‌లు. నాకు నచ్చింది గోడల్లోంచి బయటికి పొడుచుకొచ్చిన రాతి తూములు. ఇక్కడ వానలెక్కువ, నీళ్లు గోడ పునాదిలోకి దిగకుండా దూరంగా పడేలా కట్టారు. మెట్లు ఎక్కువ, ఎత్తూ ఎక్కువ, లోపల చెప్పులు విప్పి నిచ్చెనలాంటి చెక్క మెట్లు ఎక్కాలి, మోకాళ్లు బాగోని వాళ్లు వద్దు. అత్తయ్యగారిని కింద కోట చరిత్ర మ్యూజియంలో కూర్చోబెట్టాం. 2017లో తెరిచారు, లిఫ్ట్ ఉంది, పై అంతస్తు నుంచి కోట చక్కగా కనబడుతుంది. ఎక్కలేనివాళ్లకి అది మంచి దారి.

కోట కింద ఒక ఆడమనిషి గుర్రం పక్కన నిలబడ్డ విగ్రహం ఉంది. కజుతొయొ భార్య చియొ. ఆయన ఇంకా పేద సైనికుడిగా ఉన్న రోజుల్లో మంచి గుర్రం కొనే స్తోమత లేక దిగులుపడుతుంటే, అద్దం పెట్టెలో దాచిన పది బంగారు నాణేలు తీసి ఇచ్చిందట, ఆ గుర్రం అప్పటి బలమైన సేనాధిపతి ఒదా నోబునాగా కంట్లో పడి ఆయన దశ తిరిగిందని చెప్పుకుంటారు. నేను ఈ కథ చెప్పగానే అత్తయ్యగారు "మా అమ్మా అంతే, పోపుల పెట్టెలో దాచిన డబ్బుతోనే మీ మావయ్యకి ఫీజు కట్టారు" అన్నారు. మావారికి కూడా ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

కత్సురహామా బీచ్‌కి, గొదాయ్‌సాన్ కొండకి వెళ్లలేదు. ఆ కొండ మీద షికోకు 88 గుళ్ల యాత్రలో 31వది అయిన చికురిన్‌జి, మకినో బొటానికల్ గార్డెన్ ఉన్నాయి. స్టేషన్ నుంచి టూరిస్టు బస్సు ఉంది. ఆదివారం కాకుండా వేరే రోజు ఓడ ఆగితే నేనైతే కొండకే వెళ్తాను, బీచ్ ఎందుకంటే మాకు విశాఖ ఉంది, పైగా అక్కడ ఈతకి దిగనివ్వరు. సంత రోజు రెండూ కలపాలని చూస్తే దేనికీ న్యాయం జరగదు.

బాధ కలిగించిన సంగతి తిరుగు బస్సు. ఆఖరి బస్సుకి గంట ముందు వెళ్లినా వరుస వీధి మలుపు దాటింది, కూర్చోవడానికి ఏమీ లేదు, పెద్దవాళ్లని ముందు పంపే ఏర్పాటూ లేదు. నలభై నిమిషాలు అత్తయ్యగారు నిలబడే ఉన్నారు. టికెట్ అమ్మేటప్పుడు వేలమంది దిగుతారని తెలిసిన వాళ్లు నాలుగు కుర్చీలు వేయలేరా? వరుసలో ముందున్న ఒక జపనీస్ జంట తమ మడత స్టూల్ ఇచ్చారు, ఆ మేలు మరిచిపోను. మధ్యాహ్నం రెండున్నరకే తిరిగి రండి, లేదా టాక్సీకి డబ్బు పక్కన పెట్టుకోండి.

ఓడ కదిలేటప్పుడు రేవు గట్టు మీద ఊరివాళ్లు యొసకొయ్ నాట్యం చేశారు. చేతుల్లో చెక్క చిడతలు, నరుకో అంటారు, ఒకప్పుడు వరి చేలల్లో పిట్టల్ని తోలడానికి వాడేవారట. 1954లో మొదలైన పండగ నాట్యం ఇది. డెక్ మీద అందరం నిలబడి చప్పట్లు కొట్టాం, గట్టు కనబడినంతసేపూ వాళ్లు చేతులు ఊపుతూనే ఉన్నారు.

సంతలో నేనొక కత్తి కొన్నాను, కూరలు తరిగేది. ఈ ప్రాంతాన్ని పూర్వం తొసా అనేవారు, తొసా కమ్మరుల కత్తులకి పేరు. ఓడ ఎక్కేటప్పుడు స్కానర్ దగ్గర తీసేసుకుని రసీదు ఇచ్చారు, ఆఖరి రోజు యొకొహామాలో దిగేటప్పుడు తిరిగి ఇచ్చారు, విమానంలో చెకిన్ పెట్టెలోనే పెట్టాలి. అమ్మిన తాత గుడ్డతో తుడిచే సైగ మూడుసార్లు చేసి చూపించాడు. ఎందుకో ఇంటికొచ్చాక అర్థమైంది, ఇది తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు చాకు కాదు, మామిడికాయ కోసి పావుగంట అలా వదిలేస్తే అంచు నల్లబడింది. పులుపు తగిలిన వెంటనే కడిగి, పొడిగా తుడిచి, బొట్టు నూనె రాసి పెడుతున్నాను, ఇప్పుడు బాగుంది.